నేలలో పైపులు, పైన కూరగాయలు: ముందు గడ్డపార పక్కన పెట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హనుమకొండలో రెండు వందల గజాల్లో పాత ఇల్లు కొన్నారు. తూర్పు ప్రహరీకి, ఇంటి గోడకు మధ్య ఏడడుగుల వెడల్పున మట్టి నేల ఉంది. నల్లా పైపు, బాత్రూముల నుంచి సెప్టిక్ ట్యాంకుకు వెళ్లే పైపు, బోరు మోటారు వైరు, స్తంభం నుంచి మీటరుకు వచ్చే కరెంటు కేబులు అన్నీ ఆ సందులోనే పోతున్నాయని ఇల్లు అమ్మినవారు చెప్పారు కానీ, ఏది ఎక్కడుందో చూపించలేదు. అక్కడ టమాట, వంకాయ, ఆకుకూరలు, పందిరి మీద బీర పెట్టుకోవచ్చా, వేళ్లు పైపులను పాడుచేస్తాయా, పండినవి తినవచ్చా అన్నది మీ ప్రశ్న. మీ అత్తగారు ఒక మునగ చెట్టు కూడా కావాలన్నారు.

పెట్టుకోవచ్చు. ఆకుకూరలు, టమాట, వంకాయ, మిరప, బెండ వేళ్లు బాగున్న పైపును ఏమీ చేయలేవు. బాగున్న పైపులో పోయే మురుగు కూడా కూరలోకి రాదు. సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకే గుంత పైన మాత్రం తినేది ఏదీ వేయకండి. మునగ ఆ సందులో వద్దు. వీటన్నిటికన్నా ముందు, ఏ లైను ఎక్కడుందో తెలిసేదాకా ఆ నేలలో గడ్డపార దించకండి. మీ ప్రశ్నంతా వేళ్ల గురించే ఉంది, నాకు దిగులంతా ఆ గడ్డపార గురించే.

వరంగల్, కాజీపేట, హనుమకొండ వీధుల్లో ఇరవై ఏడేళ్లు నల్లా పైపుల పనిలో ఉన్నాను. ఫిట్టరుగా చేరి వర్క్ ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేశాను. ఇప్పుడు పెరట్లో కూరగాయలు పండించడమే పని. పైపు పగిలిందంటే వెళ్లి తవ్వించిన పెరళ్లు చాలా ఉన్నాయి. వాటిలో కూరగాయ మొక్క వేరు వల్ల పగిలిన పైపు నాకు ఒక్కటీ కనబడలేదు. గడ్డపార పోటుకు పగిలినవాటికి లెక్క లేదు.

ఇతరుల సంగతి ఎందుకు, మా ఇంట్లో జరిగిందే చెబుతాను. చిక్కుడు పందిరికి గుంజ పాతాలి. ఇక్కడేమీ లేదులే అని నాకు నేనే ధైర్యం చెప్పుకుని గడ్డపార ఎత్తాను. మూడో పోటు అదోలా దిగింది. రాయి తగిలితే ఖంగుమంటుంది, మట్టయితే బరబరా దిగుతుంది. ఇది రబ్బరు చెప్పును పొడిచినట్టు ఉంది. గడ్డపార పక్కన పడేసి చేత్తో మట్టి తోడాను. జానెడు లోతులో బోరు మోటారు వైరు! దానికి పైపు తొడుగు లేదు, చుట్టూ ఇసుక లేదు, పైన ఒక ఇటుక ముక్కయినా లేదు. నల్లటి తొడుగు చీలిపోయి, లోపలి మూడు తీగల్లో పసుపుది సగం తెగి రాగి మెరుస్తోంది. ఆ క్షణంలో మోటారు ఆపి ఉంది, స్టార్టరు దాటి కరెంటు రావడం లేదు. కనుకనే ఈ రోజు మీకు సమాధానం రాస్తున్నాను. అంతకు పావుగంట ముందే మా ఆవిడ ట్యాంకు నింపి మోటారు ఆపింది.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. ఆ వైరు వేయించింది నేనే. పన్నెండేళ్ల కిందట ఎలక్ట్రీషియన్ పక్కన నిలబడి, సాయంత్రమైపోతోంది త్వరగా కానివ్వమని తొందరపెట్టింది కూడా నేనే. ఎక్కడ వేశామో మరిచిపోయాను. పైపుల పనిచేసే వాడి ఇంట్లోనే ఇలా ఉంటే, చేతులు మారిన ఇంట్లో ఎలా ఉంటుందో ఆలోచించండి.

అందుకే వీధిలో ప్రభుత్వం వేసిన లైనుకన్నా, మన ప్రహరీ లోపల మన మనుషులు వేసిన లైనంటేనే నాకు భయం ఎక్కువ. వీధి లైనుకు ఒక లెక్క ఉంటుంది. భారత ప్రమాణాల ప్రకారం తక్కువ వోల్టేజీ కేబులును కనీసం 75 సెంటీమీటర్ల లోతున, 11 కిలోవోల్టుల దాకా ఉన్నదాన్ని 90 సెంటీమీటర్ల లోతున వేయాలి. కింద ఇసుక పరచి, కేబులు పెట్టి, మళ్లీ ఇసుక కప్పి, పైన ఇటుకలు పేర్చాలి. ఇంటి లోపల ఇవేవీ ఉండవు. కూలీకి ఎంత ఓపిక ఉంటే అంత లోతు.

ఈ ఇసుక, ఇటుకల సంగతి మీకు ఒక గుర్తుగా పనికొస్తుంది. మన ఎర్ర చెలక నేలలో తవ్వుతుంటే ఉన్నట్టుండి వాగు ఇసుక తగిలినా, వరుసగా పేర్చిన ఇటుకలు కనిపించినా పార అక్కడే ఆపేయండి. పాత పునాది అనుకుని ఆ ఇటుకలను పెళ్లగించబోయిన కూలీని ఒకసారి చేయి పట్టుకుని వెనక్కి లాగాను. అవి కిందున్న దాన్ని కాపాడడానికి పెట్టినవి.

మెయిన్ స్విచ్ ఆపితే సరిపోదు. మెయిన్ ఆపితే ఇంట్లోకి వెళ్లే వైర్లలోనే కరెంటు పోతుంది. స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే సర్వీసు కేబులులో అలాగే ఉంటుంది. దాన్ని ఆపడం మీ చేతిలో లేదు, విద్యుత్ సంస్థ వారే ఆపాలి. కాబట్టి ఆ కేబులు దారి తెలియకపోతే 1912కు ఫోన్ చేసి అడగండి, లేదా మీ ప్రాంత లైన్‌మన్‌ను పిలిపించి స్తంభం నుంచి మీటరు పెట్టె దాకా దారి చూపించమనండి. ఆ దారికి అటు రెండడుగులు, ఇటు రెండడుగులు తవ్వకం జోలికే పోకండి. తవ్వకుండా పైన మట్టి పోసుకుని ఆకుకూరలు చల్లుకోవచ్చు, అది తరువాత చెబుతాను. ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అని కేంద్ర టెలికం శాఖ 2023 మార్చిలో ఒక యాప్ తెచ్చింది కదా అని ఎవరైనా చెప్పవచ్చు. అది రోడ్లు తవ్వే సంస్థలకూ, కింద లైన్లున్న సంస్థలకూ మధ్య సమాచారం కోసం వచ్చింది. మీ ఇంటి పాత యజమాని ఏ ఆదివారం ఏ ప్లంబరుతో ఏ పైపు వేయించాడో దానికి తెలియదు.

మిగతా లైన్లు వెతకడం అంత కష్టమేమీ కాదు. గేటు దగ్గర నల్లా పైపు ఎక్కడ లోపలికి వస్తోందో, సంపు దగ్గర ఎక్కడ తేలుతోందో చూడండి. చాలావరకు ఆ రెండింటి మధ్య తిన్నగానే పోతుంది, ప్లంబర్లు అనవసరంగా ఎల్బో, అంటే పైపును మలుపు తిప్పే ముక్క, ఖర్చు పెట్టరు. మురుగు పైపుకు చాంబర్ల మూతలే గుర్తు, మూతకూ మూతకూ మధ్య గీత గీస్తే అదే దారి. బోరు వైరు మాత్రం తిన్నగా పోతుందన్న నమ్మకం లేదు. స్టార్టరు ఉన్న గోడ నుంచి బోరు దాకా చెట్టు అడ్డమొస్తే చుట్టూ తిప్పుతారు, గచ్చు అడ్డమొస్తే అంచు పట్టుకుని పోతారు. ఇల్లు అమ్మినవారు ఫోనులో దొరుకుతారు కాబట్టి, ఒక్కసారి వచ్చి సందులో నడిచి చూపించమని అడగండి. కాఫీ ఇచ్చి కూర్చోబెడితే మనిషికి చాలా గుర్తొస్తాయి. తరువాత ముగ్గుపిండితో నేల మీద గీతలు గీసి, ప్రహరీతో సహా ఫోటో తీసుకోండి. కాగితం మీద బొమ్మ వేసి, గోడ నుంచి ఎన్ని అడుగులో రాసి మీటరు పెట్టె తలుపు లోపల అంటించండి. మా ఇంట్లో ఆ కాగితం ఇప్పుడుంది, చేతులు కాలాక పట్టుకున్న ఆకు.

ఇనుప చువ్వ పొడిచి చూస్తే పైపు ఎక్కడుందో తెలుస్తుందని సలహా ఇచ్చేవారు ఉంటారు. కరెంటు కేబులు ఉన్న సందులో ఆ పని అస్సలు చేయకండి.

ఇక వేళ్ల సంగతి. తోటకూర, పాలకూర, మెంతి, కొత్తిమీర వేళ్లలో ఎక్కువ భాగం జానెడు నుంచి అడుగు లోపలే ఉంటాయి. టమాట, వంకాయ తల్లివేరు రెండు మూడు అడుగులు దిగినా, ఆ లోతుకు చేరేసరికి దారంలా సన్నబడుతుంది. దానికి పైపును పగలగొట్టే బలం లేదు. చెమ్మ ఎటుందో వాసన పట్టి అటు పోవడమే దానికి తెలుసు. అతుకు దగ్గర కారుతున్న పైపు ఉంటే అక్కడికి చేరుతుంది. చెట్ల వేళ్లయితే అదే సందులోంచి లోపలికి దూరి, లోపలే లావెక్కుతాయి. హనుమకొండలో ఒక పాత ఇంటి చాంబరులో, కాల్చిన మట్టి గొట్టాల నుంచి కానుగ వేరు లాగాం. నాలుగడుగుల పొడవున గుర్రం తోకలా కుచ్చుగా వచ్చింది, మధ్యలో చిక్కుకున్న షాంపూ ప్యాకెట్లతో సహా. ఆ ఇంట్లో గొట్టాల పైన పదేళ్లుగా వంగతోట ఉంది. ఆ కుచ్చులో వంగ వేరు ఒక్కటి లేదు.

ఇప్పుడు ఎవరూ పెద్దగా మాట్లాడని విషయానికి వస్తాను. నల్లా పైపు మీద ఏం పెంచుతున్నారన్న దానికన్నా, ఏం పోస్తున్నారన్నది చూసుకోవాలి.

మన ఊళ్లలో నల్లా నీళ్లు రోజంతా రావు. నీళ్లు వదిలినంతసేపూ పైపులో ఒత్తిడి ఉంటుంది. అప్పుడు అతుకు దగ్గర కన్నం ఉంటే లోపలి నీరు బయటికి కారుతుంది, అంతే. వాల్వు కట్టేశాక కథ తిరగబడుతుంది. పల్లంలో ఉన్న ఇళ్లవైపు నీరు జారిపోతుంటే పైపు గాలినీ నీటినీ లోపలికి పీల్చుకుంటుంది. ఎవరైనా నల్లాకు మోటారు బిగించి లాగుతుంటే ఆ పీల్పు ఇంకా ఎక్కువ. బయట కారి మడుగు కట్టిన తడి, దానిలో మీరు పోసిన పేడనీళ్లు, ఎరువు, అన్నీ అదే కన్నంలోంచి పైపులోకి వెళ్తాయి. మర్నాడు నీళ్లు వదిలినప్పుడు మొదటి బిందెలో అదే వస్తుంది. ధర్మసాగర్ జలాశయం నుంచి వచ్చి, శుద్ధి అయి, మైళ్లు ప్రయాణం చేసిన నీరు మీ గేటు లోపల ఆఖరి పది అడుగుల్లో పాడవుతుందన్నమాట.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. ఒక వీధిలో నాలుగిళ్లకు పొద్దున్నే మొదటి ఐదు నిమిషాలు నీళ్లు పచ్చగా, పశువుల కొట్టం వాసనతో వస్తున్నాయని ఫిర్యాదు వచ్చింది. మురుగు కలుస్తోందని రెండు రోజులు మోరీ పొడవునా తవ్వాం, ఏమీ దొరకలేదు. మూడో రోజు ఒకరి ప్రహరీ లోపల పుంటికూర మడి చూశాను. మే నెల, చుట్టూ అంతా ఎండిపోయి ఉంది. ఆ మడిలో రెండడుగుల మేర మాత్రం ఆకు అరచేయంత వెడల్పున నిగనిగలాడుతోంది. అక్కడ తవ్వితే పాత ఇనుప నల్లా పైపు, వీధి పైపు నుంచి ఇంటికి నీళ్లు మళ్లించే ఫెరూల్ నుంచి నాలుగడుగుల దూరంలో, రెండు పైపులను కలిపే సాకెట్ దగ్గర తుప్పు పట్టి వేలి గోరంత కన్నం. ఇంటావిడ పాపం వారానికోసారి పేడ, గోమూత్రం, బెల్లం కలిపిన జీవామృతం సరిగ్గా అక్కడే పోస్తోంది, మొక్క బాగా వస్తోందని ఇంకొంచెం ఎక్కువగా. మొక్క బాగా వచ్చింది కారుతున్న నీటికి. ఆమె తప్పేమీ లేదు, పైపు తప్పు. నాలుగిళ్లవాళ్లు ఆ నీళ్లే తాగారు.

కాబట్టి మీరు ముందు చేయాల్సిన పని: మీ ఇల్లు పాతది కనుక నల్లా పైపు ఇనుపదో ప్లాస్టిక్‌దో చూడండి. తుప్పు పట్టిన ఇనుప పైపయితే, తోట పెట్టకముందే మార్పించేయండి. మడి వేశాక మార్చాలంటే డబ్బూ పోతుంది, పంటా పోతుంది. ఇనుప పైపుకు లీకు చూడడానికి మేము చేసే పద్ధతి ఒకటుంది. నీళ్లు వచ్చే వేళ సంపు దగ్గర వాల్వు కట్టేసి, ఇనుప కడ్డీ ఒక కొన బయటికి కనిపించే పైపు మీద ఆనించి, రెండో కొన చెవి దగ్గర పెట్టుకుంటే, లోపల ఎక్కడైనా కారుతుంటే సన్నగా బుసకొట్టినట్టు వినిపిస్తుంది. ప్లాస్టిక్ పైపులో ఇంత బాగా వినపడదు. దానికి వేసవిలో పచ్చగా ఉన్న చోటు చూడడమే మంచి పద్ధతి. పైపు మార్పించేటప్పుడు ఆ సందు పొడవునా అతుకు లేని ఒకే ముక్క నల్ల హెచ్‌డీపీఈ పైపు అడగండి. అయితే ఆ నల్ల పైపు మీద కిరోసిను, పురుగుమందు డబ్బా కడిగిన నీళ్లు పోయకూడదు. అలాంటి నూనె జాతి ద్రవాలు ఆ ప్లాస్టిక్ గోడలోంచే మెల్లగా లోపలికి ఊరగలవు.

మురుగు పైపు గురించి మీ భయం సహజమే కానీ, అందులో రెండు వేర్వేరు విషయాలున్నాయి. బాత్రూము నుంచి ట్యాంకుకు వెళ్లే పీవీసీ పైపు అతుకులు సొల్యూషన్‌తో, అంటే పైపు జిగురుతో, బిగించి ఉంటే దాని పైన మీరు ఏం పెంచినా ఇబ్బంది లేదు. చాంబరు మూతల మీద మాత్రం మట్టి పోయకండి. పైపు జామయిన రోజు ఆ మూత కోసం పంట తవ్వాల్సి వస్తుంది. ట్యాంకు మూత కూడా అంతే. రెండు మూడేళ్లకోసారి ట్యాంకరు పిలిచి ఖాళీ చేయించాలి. సెప్టిక్ వ్యర్థాల నిర్వహణకు నిబంధనలు తెచ్చిన తొలి నగరాల్లో మన వరంగల్ ఒకటి, 2016లో. అయినా మూత ఎక్కడుందో తెలియని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

రెండోది అసలు విషయం. ట్యాంకు నిండాక బయటికి వచ్చే నీరు ఎక్కడికి పోతోంది? వీధి మోరీలోకి పైపు ఉంటే ఒక రకం. ప్రహరీ లోపలే రాళ్లు నింపిన గుంతలో ఇంకుతుంటే ఇంకో రకం. ఆ గుంత పైనా, చుట్టూ కనీసం పది అడుగుల లోపలా తినేవి వద్దు. వేరు మురుగును తాగి కాయలో నింపుతుందని కాదు. నేల తడిసి పైకి ఊరినప్పుడు, వానకు మట్టి చిందినప్పుడు సూక్ష్మజీవులు ఆకుకు అంటుతాయి. ఏలికపాముల గుడ్లయితే మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీన, ఉల్లికాడలు, మట్టిలోనే పెరిగే ముల్లంగి, క్యారెట్ అన్నిటికన్నా ప్రమాదం. పందిరి మీద తలపై వేలాడే సొరకాయ వాటికన్నా నయం, కానీ కోసేటప్పుడు తొక్కేది ఆ మట్టినే కదా.

ఒకసారి నల్లా పని మీద వెళ్లిన ఇంట్లో పుదీన చూసి ముచ్చటేసింది. మోకాలెత్తు, గుబురుగా. పొగిడితే ఇంటాయన సంతోషించి, వీధిలో అందరికీ తానే ఇస్తానని చెప్పాడు. కింద ఏముందని అడిగితే ఇంకుడు గుంత అన్నాడు, వాననీటిది కాదు, ట్యాంకుది. నాకు తెలిసినది చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. వెళ్లేటప్పుడు మాత్రం వాళ్లావిడ మర్యాదగా పుదీన పచ్చడి డబ్బాలో పెట్టి ఇచ్చింది. తీసుకున్నాను. తినలేదు.

అలాంటి చోట బంతి, కట్ల పూలు వేసుకోమని నేను చెబుతుంటాను, బతుకమ్మకు పనికొస్తాయని. మా అమ్మ ఉన్నప్పుడు ఆ మాట విని, ‘మురుగు మీద పూసినవి బతుకమ్మకు పెడతావా’ అని కసిరింది. అది మీ ఇంటి పట్టింపును బట్టి చూసుకోండి. బంతికి మాత్రం ఏ పట్టింపూ లేదు, బ్రహ్మాండంగా పూస్తుంది.

మీరు అడగనివి రెండు ఉన్నాయి, సందు అన్నారు కాబట్టి చెబుతున్నాను. ఒకటి, ఎర్తింగ్ గుంత. పాత పద్ధతిలో అందులో బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి ఉంటారు. మీటరుకు దగ్గరలో సిమెంటు పెట్టె, దానిలోంచి ఇనుప పైపు తల కనిపిస్తే అదే. ఎర్తింగ్ తడిగా ఉండడం మంచిదే, కానీ ఆ ఉప్పు చుట్టుపక్కల నేలలోకి దిగుతుంది. మా ఇంట్లో దాని పక్కన వేసిన బచ్చలి ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడిపోతుంటే, తెగులనుకుని వేపనూనె కొట్టాను నెలరోజులు! మూడడుగులు వదిలేయండి. అక్కడ తవ్వి ఎర్తింగ్ తీగ తెంపితే నష్టం మొక్కతో పోదు.

రెండోది, ఇంటి గోడ వెంట నేల. ఇల్లు కట్టేటప్పుడు పునాది చుట్టూ చెదల మందు పోస్తారు, మధ్యలో చెదలు పడితే మళ్లీ రంధ్రాలు చేసి పోయిస్తారు. అది తినే పంటకు వాడే మోతాదు కాదు. గోడకు అడుగున్నర, రెండడుగులు వదిలి మడి వేసుకోండి. గోడకు చెమ్మ పట్టకుండా కూడా అదే మంచిది. ఇంటర్నెట్ కేబులు తెగితే ప్రాణానికి ఏమీ కాదు, పిల్లలు అలుగుతారు, అంతే. మీ కాలనీలో పైపు గ్యాసు వచ్చి ఉంటే, ఆ పసుపు పైపు దారిలో ఏ పనీ పెట్టుకోకుండా ఆ కంపెనీ వాళ్లనే పిలవండి.

ఇక మడి ఎలా వేయాలి. ఏడడుగుల్లో ఇంటి గోడ వైపు రెండడుగులు, నడవడానికి అడుగున్నర పోతే ప్రహరీ వైపు మూడున్నర అడుగులు మిగులుతుంది. తవ్వకండి. నేల మీదే ఎత్తు మడి కట్టండి. సిమెంటు లేకుండా ఇటుకలు రెండు వరుసలు నిలబెట్టి, లోపల ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల పెంట ఒక పాలు కలిపి తొమ్మిది అంగుళాలు నింపితే ఆకుకూరలకు అది చాలు. పైపు మరమ్మతు వచ్చినప్పుడు ఇటుకలు పక్కకు తీసి మళ్లీ పేర్చుకోవచ్చు. ప్రహరీ గోడకు మట్టి ఆనకుండా షాబాదు బండ ముక్కలు నిలబెట్టండి. చిన్న పార, దోకుడుపార తప్ప మరే పనిముట్టూ ఆ మడిలోకి రాకూడదు.

లైన్ల మీద పడే భాగంలో త్వరగా చేతికొచ్చేవి వేయండి. మెంతి మూడు వారాలు, తోటకూర నెల, పాలకూర నెల మీద కొన్ని రోజులు. రేపు పైపు పగిలి తవ్వాల్సి వస్తే పోయేది ఒక కోత. వంకాయ, మిరప లాంటి నెలల తరబడి కాసేవాటిని లైన్లకు దూరంగా ఉన్న చివరకు పెట్టండి. నిండు కాపు మీదున్న వంగ మొక్కలను పైపు కోసం పీకించిన రోజు ఆ ఇంటి పెద్దావిడ నన్ను చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది.

మీ ఇంటి నేల చెలకా, రేగడా రాయలేదు. చెలకయితే చింత లేదు. నల్లరేగడి అయితే వేసవిలో చేయి దూరేంత నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది, ఆ కదలికకే పైపు అతుకులు వదులవుతాయి. అలాంటి నేలలో ఒక రోజు ముంచెత్తి వారం ఎండబెట్టకుండా, రోజూ కొద్దికొద్దిగా తడపండి, పైన ఎండు ఆకు కప్పండి. ఈ మధ్యే పైపు మార్పించి పూడ్చిన కాలువ మీదయితే ఒక వానాకాలం గడవనివ్వండి. తొలి వానలకు అది జానెడు కుంగుతుంది, మడి వంకరపోతుంది. పూడ్చిన మట్టిలో మొరం, సిమెంటు గడ్డలు ఉంటాయి కనుక మొక్క పసుపుబారితే తెగులని మందు కొట్టకుండా ముందు ఆ గడ్డలు ఏరండి.

బీర పందిరికి గుంజలు పాతవద్దని వేరే చెప్పనక్కరలేదు. ఇరవై లీటర్ల పెయింటు డబ్బాలు నాలుగు తెచ్చి, మధ్యలో వెదురు నిలబెట్టి, మొరంలో కాస్త సిమెంటు కలిపి నింపండి. రెండు రోజుల్లో గట్టిపడుతుంది. పైన తీగ కట్టి, ప్రహరీలోని కొక్కేనికి బిగిస్తే గాలికి కూడా కదలదు. బీర విత్తనం మడిలోనే పెట్టండి. పాదు ఎక్కేటప్పుడు పైన సర్వీసు వైరు ఉంటే అటు పోకుండా వారానికోసారి తీగ తిప్పుతుండాలి, కింద కేబులు చూసుకుని పైన వైరు మరిచిపోతారు చాలామంది.

మీ అత్తగారి మునగ. దాని వేరు లావు, కొమ్మ పెళుసు. సందులో పెడితే కింద పైపుకూ, గాలివానకు విరిగి పైన వైరుకూ చేటే. ఇంటి వెనక ఏ లైనుకైనా పది అడుగుల దూరంలో మూల ఉంటే అక్కడ పెట్టండి. లేకపోతే పెద్ద కుండీలో కరివేపాకు పెట్టి సర్దిచెప్పండి. మునగకాయలంటారా, హనుమకొండలో ప్రతి వీధికీ ఒక మునగ చెట్టున్న ఇల్లుంటుంది. కొత్తగా వచ్చారు కాబట్టి మీ అత్తగారినే ఒకసారి పంపండి. కాయలతో పాటు మీ ఇంటి పాత పైపుల చరిత్ర కూడా ఆ ఇంటి పెద్దావిడ దగ్గరే దొరకవచ్చు.